పొద్దెక్కిన ధర

శ్రీకాకుళంలో ఏడురోడ్ల జంక్షన్ నుంచి రెండు సందులు లోపలికి వెళితే, జెరాక్స్ షాపుకీ హోమియో మందుల షాపుకీ మధ్య హరిబాబు వీడియో గేముల దుకాణం ఉండేది. హుద్‌హుద్ తుపాను వచ్చిన మరుసటి ఏడాది సంగతి ఇది. పొద్దున్న తొమ్మిదింటికి షట్టరు ఎత్తి, గుమ్మంలో నీళ్ళు చల్లి, అద్దాల బీరువాలో వరసగా నిలబెట్టిన గేము పెట్టెలను పొడిగుడ్డతో తుడిచేవాడు. తర్వాత దేవుడి పటానికి రెండు అగరొత్తులూ, బీరువా పక్కన ఆరు అగరొత్తులూ వెలిగించేవాడు. దేవుడి కన్నా బీరువాకి ఎక్కువ ఎందుకంటే, పదకొండు దాటేసరికి ఆ పెట్టెలు చేపల వాసన కొట్టేవి. వలలోంచి తీసిన చేపల వాసన కాదు, అమ్ముడుపోకుండా ఎండలో మిగిలిపోయిన చేపల వాసన.

ఇందులో వింతేమీ లేదు. హరిబాబుది భావనపాడు. తరతరాలుగా చేపలమ్మిన ఇల్లు. ఆ ఇంటివాళ్ళు ఏది అమ్మినా సరే, ధర ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఉంటే, పొద్దెక్కేసరికి ఆ సరుకు కుళ్ళిన వాసన కొడుతుంది. ధర దిగితే వాసన పోతుంది. అతని పిన్ని అసిరమ్మ టెక్కలిలో గాజులమ్ముతూ డజనుకి ఇరవై ఎక్కువ చెప్పిన రోజున, ఆడవాళ్ళు చెంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని బేరమాడారు. తాత సూరయ్య జీడితోట అమ్మకానికి పెట్టినప్పుడు తోట తోటంతా మూడు వారాలు కంపు కొట్టింది. ఎకరానికి పదివేలు తగ్గించాక మళ్ళీ జీడిపూత వాసన వచ్చింది. రిజిస్ట్రారు ఆఫీసులో గుమస్తా ఆ ఇంటివాళ్ళ దస్తావేజు వస్తే ముందు వాసన చూసి, తర్వాతే స్టాంపు వేసేవాడట. అందుకే శ్రీకాకుళం జనం కూడా హరిబాబు దుకాణంలో ముక్కు మూసుకుని, రేటు చూసి, తల ఊపి వెళ్ళిపోయేవారు తప్ప వాసన ఏమిటని ఎవరూ అడగలేదు.

ఒక్కో పెట్టె మీద అచ్చేసిన ధర మూడువేల నాలుగువందల తొంభై తొమ్మిది రూపాయలు. ఆ ఒక్క రూపాయి తగ్గించి ఎవరి కళ్ళకు గంతలు కడదామనుకున్నారో వాళ్ళకే తెలియాలి. అమెరికాలో ఎంతో ఇక్కడా అంతేనని కంపెనీ గొప్పగా చెప్పుకునేది. అక్కడివాడు ఒక రోజు కూలితో కొనుక్కునే ఆటని ఇక్కడివాడు పదిహేను రోజుల కూలి పోసి కొనుక్కోవాలి, దాని పేరు సమానత్వం. అదేమంటే, ఆటలు లేకపోతే చచ్చిపోతారా అనే పెద్దమనుషులు తయారుగా ఉంటారు. కందిపప్పు ధర పెరిగితే రోడ్డెక్కే మనం, ఆట ధర పెరిగితే నోరెత్తం. లేనివాడికి తిండి చాలు, సరదా ఎందుకని మనలో మనమే ఒప్పేసుకున్నాం. నాకు మంటంతా అక్కడే.

హరిబాబుకి సరదా ఖరీదు తెలుసు. అతను మూడు సీజన్లు గుజరాత్‌లో వీరావల్ వెళ్ళి బోటు మీద పనిచేశాడు. బోటులో తొమ్మిదిమందికి కలిపి అరచేతిలో పట్టే గేము ఒకటుండేది. వంతులు వేసుకుని ఆడేవారు. ఇరవై రోజుల పాటు నీళ్ళు తప్ప ఇంకేమీ కనపడని చోట, ఆ పావుగంట వంతు కోసం మనుషులు అన్నం మానేసి కూర్చోవడం అతను చూశాడు. మూడో సీజన్లో పక్క బోటు కనపడని గీత దాటింది. పరాయి దేశం గస్తీ ఓడ వచ్చి దాన్ని తాళ్ళు కట్టి లాక్కుపోతుంటే, అందులో తన ఊరివాళ్ళు చేతులూపడం కూడా చూశాడు. వాళ్ళు జైల్లోంచి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ సముద్రం మొహం మళ్ళీ చూడనని ఒట్టు పెట్టుకుని, మూడు సీజన్ల జీతం కంపెనీకి డిపాజిట్టు కట్టి, ఈ దుకాణం తెరిచాడు. పెట్టెలు కంపెనీవి, అమ్మితే ఇతనికి కమీషను. అచ్చేసిన ధరకి ఒక్క రూపాయి తగ్గించినా డీలరుషిప్పు రద్దు.

ఏడు నెలల్లో తొమ్మిది పెట్టెలు అమ్మాడు. జూలై ఆఖరుకి కనీసం యాభై దాటకపోతే దుకాణం మూసేస్తామని కంపెనీ చెప్పింది. సరిగ్గా జూలై ఆఖరునే వీరావల్ మనుషులు బయలుదేరతారు. అక్కడికి మనుషుల్ని కుదిర్చే లక్ష్ముడు మావ ఫోన్ చేసి, నీకో చోటు ఉంచుతానురా, సిగ్గుపడకు అని చెప్పాడు. మావ మంచికే చెప్పాడు. ఆ మంచి వినగానే హరిబాబు ఫోన్ పెట్టేసి, అమ్మిన పెట్టెలు మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.

జూన్ నెలలో ఒకరోజు విశాఖపట్నం నుంచి కంపెనీ ప్రతినిధి కామేష్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, ముక్కుకి రుమాలు. అమ్మకాలు పెరగకపోవడానికి కారణం కాపీ సీడీల దొంగలని ఒక పాఠం చెబుతున్నాడు. సందు చివర యాభై రూపాయలకి కాపీ దొరుకుతుంది, నిజమే. మూడున్నరవేలకీ యాభైకీ మధ్య మనిషి నిలబడడానికి ఒక మెట్టయినా కట్టారా అని అడగాలని హరిబాబుకి నోటిదాకా వచ్చింది. అడగలేదు.

అప్పుడే పద్మకుమారి లోపలికి వచ్చింది. ఆవిడ ఆసుపత్రిలో కాంట్రాక్టు నర్సు, ముప్పై అయిదేళ్ళుంటాయి. మస్కట్‌లో ఉన్న తమ్ముడు గేము యంత్రం పంపాడు, గేములు పంపలేదు. ఆవిడకి కావలసింది ఒకే ఒక్క ఆట. అందులో ఒంటరిగా ఓడ నడుపుకుంటూ మంచు సముద్రం దాటాలి. పన్నెండు గంటలు వార్డులో సిస్టర్ సిస్టర్ అని పిలిపించుకున్నాక, ఎవరూ పిలవని చోటికి ఒక గంట వెళ్ళాలని ఆవిడ కోరిక. వచ్చినప్పుడల్లా ఆ పెట్టె తీయించుకుని వెనక రాసినదంతా చదివి ఇచ్చేసేది. ఆరోజు కూడా చదివి, రేటు ఏమైనా తగ్గిందా అని అడిగి, లేదంటే, కాపీ అయినా ఎక్కడ దొరుకుతుందో చెప్పమంది.

కామేష్ రుమాలు తీసి, "మీలాంటి దొంగల వల్లేనమ్మా ఈ వ్యాపారం ఇలా తగలడింది" అన్నాడు.

పద్మకుమారి పెట్టెను మెల్లగా బల్ల మీద పెట్టింది. గొంతు పెంచలేదు.

"నానిక్కడికి ఏడుసార్లు వచ్చినానండి. వచ్చినప్పుడల్లా రేటు అడిగినాను. దొంగ ఏడుసార్లు వచ్చి రేటు అడగదు. కొందామనుకున్నదే అడుగుతాది."

ఆవిడ వెళ్ళిపోయింది. హరిబాబు ఆ పెట్టె తీసి బీరువాలో పెట్టాడు. తన గుమ్మంలో తన గిరాకీని దొంగ అంటే మాట్లాడకుండా నిలబడ్డందుకు అతనికి వారం రోజులు అన్నం సయించలేదు. ఆ వారం అయ్యాక ధైర్యం చేసి, వెయ్యి రూపాయలకి అమ్మనివ్వండి, వాసన కూడా తగ్గుతుందని ఫోన్‌లో అడిగాడు. ధర తగ్గిస్తే వస్తువు విలువ పోతుందని కామేష్ జవాబు. వాసన మీ ఇంటి విషయమండీ, కంపెనీకి సంబంధం లేదు అని కూడా అన్నాడు.

జూలై రెండోవారానికి వాసన బస్టాండు దాకా పోయింది. అక్కడ బస్సు దిగిన భావనపాడు మనిషి ఒకడు ముక్కు ఎగబీల్చి, ఇది మనోళ్ళ సరుకు అని గుర్తుపట్టి ఊళ్ళో చెప్పాడు. మర్నాడు హరిబాబు తల్లి కూర్మమ్మ మొదటి బస్సుకి వచ్చేసింది.

కూర్మమ్మ భావనపాడు రేవులో పాట పాడే మనిషి. పడవ ఒడ్డుకి రాగానే చేపల కుప్ప పక్కన నిలబడి వేలం పిలుస్తుంది. ఆ రేవులో ఒక పద్ధతుంది. పొద్దున్న పాట పైకి వెళ్తుంది, పొద్దెక్కాక పాట కిందికి దిగుతుంది. చెయ్యి లేచేదాకా దిగుతూనే ఉంటుంది. చేపని ఇంటికి తీసుకుపోయిన పడవ ఆ రేవులో లేదు. గొంతు మాత్రం ఆవిడదే, ధర చెప్పేది జనం.

దుకాణంలోకి రాగానే ఆవిడ ఒక పెట్టె వాసన చూసి, ఇది ఏడునెల్ల కంపు అని చెప్పేసింది. లోపల ఏముందని అడగలేదు. వెనక్కి తిరిగి చేపల మార్కెట్టుకి వెళ్ళి, రెండు బుట్టల ఐసు తెచ్చి, బీరువాలో పెట్టెలన్నీ దించి ఐసులో పాతిపెట్టింది, పైన గుప్పెడు ఉప్పు జల్లింది. మిగిలిపోయిన సరుకుని ముందు ఐసులో పెట్టాలి, ఆ తర్వాతే మాట్లాడాలి, ఆవిడకి తెలిసింది అది. సాయంత్రానికి ఐసు కరిగింది. కంపు అలాగే ఉంది, అట్టల మీద బొమ్మలు మాత్రం ఉబ్బిపోయాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని హరిబాబు నెత్తి పట్టుకుని కూర్చుంటే, అప్పుడు అడిగింది ధర ఎంతని. అతను చెప్పాడు. ఆవిడ రెండోసారి అడిగింది. మళ్ళీ అదే చెప్పాడు.

"ఎన్నాళ్ళయినాది ఈ రేటు పెట్టి?"

"ఏడు నెల్లు. తగ్గించకూడదే అమ్మా. కంపినీ రూలు."

"ఏటి రూలురా? పొద్దు నెత్తి మీదకొచ్చినా పాట దించకూడదా? ఈ కంపినీవోడికి పొద్దు గూకదేటి?"

అతను విడమరిచి చెప్పాడు. తగ్గిస్తే డిపాజిట్టు పోతుంది, బోర్డు పీకేస్తారు. తగ్గించకపోతే ఎలాగూ నెలాఖరుకి మూసేస్తారు. రెండు దారులూ వీరావల్‌కే పోతున్నాయి. కూర్మమ్మ చాలాసేపు ఉబ్బిన అట్టలు సాపుచేస్తూ కూర్చుంది. ఎలాగూ పోయేవాడివైతే కుళ్ళబెట్టి పోకు, మన ఇంట్లో అలా ఎవరూ చెయ్యలేదు అంది. హరిబాబు సరేనన్నాడు. ఆ సరే అనడానికి అతనికి ఏడు నెలలు పట్టిందే అని నాకు ఇప్పటికీ కోపం.

మర్నాడు మిట్టమధ్యాహ్నం దుకాణం మెట్ల మీద నలభై పెట్టెలు పేర్చి, కూర్మమ్మ కొంగు నడుముకి దోపి పాట మొదలుపెట్టింది. మూడువేల అయిదువందలు దగ్గర మొదలెట్టి వందేసి దించుకుంటూ వచ్చింది. ముక్కులు మూసుకున్న జనం సందంతా నిండారు. రెండువేల దగ్గర కొందరు చేతులు ముక్కు మీంచి తీశారు. వెయ్యి దగ్గర పచ్చిచేప వాసన, తొమ్మిదివందల దగ్గర ఉప్పుగాలి. ఏడువందలనగానే ఒక చెయ్యి లేచింది. డ్యూటీ దుస్తుల్లోనే వచ్చిన పద్మకుమారిది. ఆ క్షణాన ఆ సందులో వాసనన్నదే లేకుండా పోయి, హోమియో షాపులోని తీపిమాత్రల వాసన అందరికీ తెలిసింది.

అరగంటలో నలభై పెట్టెలూ అయిపోయాయి. కాపీ సీడీలు అమ్మేవాడు కూడా రెండు కొన్నాడు. ఆడుకోవడానికేనని వాడు దేవుడి మీద ఒట్టేశాడు, నమ్మినవాళ్ళు నమ్మారు. జనం వెనక్కి వెళుతూ ఇంకా ఉన్నాయా, మళ్ళీ ఎప్పుడు అని అడిగారు. ఏడు నెలల్లో తొమ్మిది అమ్మినవాడు అరగంటలో నలభై అమ్మాడు. ధర ఎక్కువైతే ఏమవుతుందో చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు, ఆ మెట్ల మీద నిలబడితే చాలు.

కానీ కంపెనీవాళ్ళు అక్కడ నిలబడలేదు. నాలుగో రోజున కామేష్ వచ్చి బోర్డు పీకించాడు. డిపాజిట్టు జప్తు అన్నాడు. ఇంకా విడుదల తేదీ రాని మూడు పెట్టెలు సొరుగులో ఉంటే లెక్క చూసి పట్టుకుపోయాడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, అదే రోజు లక్ష్ముడు మావ ఫోన్ చేసి జాబితాలో పేరు రాసేశానన్నాడు. పై ఆదివారం సాయంత్రం ఆమదాలవలసలో రైలు. హరిబాబు షట్టరు దించి తాళంచెవి ఇంటిగలాయనకి ఇచ్చేసి ఊరికి వచ్చాడు. కూర్మమ్మ వాదించలేదు. అతని బట్టలు ఉతికి ఆరేసింది. రెండుసార్లు ఉతికినవే మళ్ళీ ఉతికింది.

కామేష్ తీసుకుపోయిన మూడు పెట్టెలూ విశాఖపట్నం గోడౌన్‌లో మిగతా సరుకు పక్కన చేరాయి. ఒక్క కుళ్ళిన చేప చాలు గంపంతా చెడడానికి. మూడు రోజుల్లో కంపు గోడౌన్ అంతా పట్టింది. కోస్తా జిల్లాల్లో అమ్ముడుపోక తిరిగొచ్చిన ఆరువందల పెట్టెలు పొద్దెక్కేసరికి గప్పుమనేవి. కంపెనీవాళ్ళు సెంటు కొట్టించారు, ఏసీలు పెట్టించారు, కుళాయిలు విప్పి కడిగించారు. పక్క గోడౌన్‌వాళ్ళు కేసు పెడతామన్నారు. వేరే ఊరి డీలర్లు సరుకు ముట్టుకోమన్నారు. ఆఖరికి పారబోద్దామంటే, పారబోసేచోటి జనం తిరగబడ్డారు.

శుక్రవారం కామేష్ హరిబాబుకి ఫోన్ చేశాడు. గొంతు చాలా మెత్తగా ఉంది. వాసన పోవాలంటే ఎంత రేటు పెట్టాలో ఒక కాగితం మీద రాసిస్తే పైవాళ్ళకి పంపుతానన్నాడు. హరిబాబు ఫోన్ తల్లి చెవికి పెట్టాడు.

"రేటు నాను సెప్పడమేటి బాబూ? సరుకు రేవుకి తే. పాట సెప్తాది."

ఆదివారం పొద్దున్న చేపల వేలం అయిపోయాక, భావనపాడు రేవులో వ్యాను ఆగింది. హరిబాబు రెండు రోజులుగా తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. పద్మకుమారి తన ఆసుపత్రిలో సగంమందికి చెప్పింది. టెక్కలి కాలేజీ పిల్లలు ఆటోల మీద వచ్చారు, పలాస నుంచి బైకుల మీద వచ్చారు. వలలు ఆరేసిన చోటు తప్ప ఇసుక కనపడలేదు. ఆరువందల పెట్టెలు తాటాకు చాపల మీద కుప్ప పోశారు. ఎండ పెరుగుతోంది, కంపు కూడా. లక్ష్ముడు మావ కూడా సంచి భుజాన వేసుకుని వచ్చాడు, జేబులో జాబితా ఉంది. బస్సు మూడింటికి.

కూర్మమ్మ పాట మొదలెట్టింది. రెండువేల దగ్గర కామేష్ ఫోన్ మోగింది. అంతకన్నా తగ్గనివ్వొద్దని పైనుంచి ఆజ్ఞ. కామేష్ ఫోన్ చేత్తో పట్టుకుని ఆగండమ్మా అన్నాడు. కూర్మమ్మ ఆగింది. మొత్తం రేవు ఆగింది. కంపు ఆగలేదు. ముందు వరసలో ముసలాయన ఒకడు కూలబడిపోతే పద్మకుమారి వెళ్ళి పట్టుకుంది. కామేష్ ఆ ముసలాయనని చూశాడు, కుప్పని చూశాడు, తర్వాత ఫోన్ ఆపేసి ప్యాంటు జేబులో వేసుకున్నాడు.

"కానివ్వండి" అన్నాడు.

పాట దిగింది. పదిహేనువందలు, వెయ్యి, ఎనిమిదివందలు. ఏడువందలకి కూడా చెయ్యి లేవలేదు. ఊళ్ళ జనం పట్నం జనం కన్నా గట్టివాళ్ళు. ఆరువందల యాభై అనగానే కుప్ప పక్కనే ఒక చెయ్యి లేచింది. ఇస్త్రీ చొక్కా చెయ్యి. అందరూ తిరిగి చూశారు. కూర్మమ్మ తన వృత్తిలో మొహాలు చూడదు, చేతులే చూస్తుంది, కాబట్టి ఆరువందల యాభై ఒకటోసారి అని పిలిచింది.

"మీ సరుకు మీరే కొంతారా?" అని హరిబాబు అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

కామేష్ చెయ్యి దించలేదు. "తొమ్మిదేళ్ళుగా వీటిని అమ్ముతున్నానండి. ఒక్కటి కూడా కొనలేదు. నా జీతానికి కుదిరేది కాదు." పద్మకుమారి అక్కడే, నాలుగడుగుల దూరంలో, ముసలాయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. "మా ఇంట్లో పాపకి ఉన్నవన్నీ కాపీలే" అన్నాడు, ఆవిడ వైపు చూడకుండా.

పద్మకుమారి పక్కవాళ్ళ చేతిలోంచి నీళ్ళ సీసా అందుకుంది. ముసలాయనకి నీళ్ళు పట్టించడం అయ్యాక, ఆవిడ కూడా చెయ్యెత్తింది. ఆ తర్వాత ఎన్ని చేతులు లేచాయో ఎవరూ చెప్పలేరు. రేవు మీద ఉప్పుగాలి తప్ప ఇంకే వాసనా లేదు. కామేష్ ఫోన్ తెరిచి, తిట్లన్నీ ఓపిగ్గా విని, మిగతా జిల్లాల సరుకు కూడా ఇక్కడికే పంపండి, అమ్మే మనిషి ఉన్నాడని చెప్పాడు. ఆ చెప్పడంలో వినయం ఉంది గానీ భయం లేదు.

హరిబాబు పెట్టెలు అందిస్తున్నాడు, డబ్బు తీసుకుంటున్నాడు, ఏ ఆట ఎలా ఆడాలో అడిగినవాళ్ళకి చెబుతున్నాడు. ఎవరైనా పెట్టె విప్పి చూస్తుంటే పని ఆపి తనూ వంగి చూస్తున్నాడు. పొద్దు వాలిందని అతనికి తెలియలేదు. లక్ష్ముడు మావ రెండుసార్లు పిలిచి, వినపడక, కూర్మమ్మ దగ్గరికి వెళ్ళి బస్సు వచ్చేసిందని చెప్పాడు.

"ఆడు రాడు, అన్నా" అంది కూర్మమ్మ. "పాట ఇంకా అవనేదు."

మూడింటి బస్సులో పదకొండుమంది ఆమదాలవలస వెళ్ళారు. పన్నెండో సీటు ఖాళీగా ఉంటే, లక్ష్ముడు తన సంచి అందులో పెట్టుకున్నాడు.